చెర విడిపించే సొమ్ము: పశ్చిమ ఆఫ్రికాలో బందీలు, బానిసలు

పశ్చిమ ఆఫ్రికాలో యుద్ధంలోనో దాడిలోనో పట్టుబడిన మనిషి అన్ని వేళలా అక్కడికక్కడే బానిస అయ్యేవాడు కాదు. దూర దేశపు సంతకు తరలిపోయేలోగా బంధువులు సొమ్మునో పశువులనో, చాలాసార్లు వేరే బానిసలనో ఇచ్చి అతన్ని విడిపించుకునే వీలుండేది. ఈ విమోచన ధనాన్ని అరబ్బీలో ‘ఫిదా’ అంటారు. మనసు పారేసుకోవడమనే అర్థంలో ఉర్దూ మీదుగా తెలుగువారి నోటికి చేరిన మాటకు మూలం ఇదే.

స్వేచ్ఛగా పుట్టిన ముస్లింను బానిసగా అమ్మరాదన్న ఇస్లామిక ధర్మశాస్త్రం ఈ ఆచారానికి బలమిచ్చింది. మొరాకో సైన్యానికి బందీగా చిక్కి మరాకేష్‌లో ఏళ్ల తరబడి గడిపిన టింబక్టు పండితుడు అహ్మద్ బాబా, 1615లో రాసిన గ్రంథంలో, బానిసత్వానికి ఒంటిరంగు కారణం కానేకాదని తేల్చి చెప్పాడు. అయితే ముస్లిమేతర బందీల మెడకు ఉచ్చు ఆ శాస్త్రంలో అలాగే మిగిలింది.

విమోచన ఎంత పెళుసైనదో, బుందు రాజ్యపు మతపెద్ద కుమారుడు అయ్యూబా సులేమాన్ జాల్లో కథ చూపుతుంది. 1731లో గాంబియా నది ఒడ్డున ఇద్దరు బానిసలను పశువులకు బదులుగా అమ్మి ఇంటికి మరలుతున్న ఆయనను మండింకా దొంగలు పట్టుకుని, యుద్ధ బందీలా కనిపించాలని తలా గడ్డమూ గొరిగి, ఆంగ్ల ఓడ కెప్టెన్ పైక్‌కు అమ్మేశారు. విడుదలకు పైక్ ఒప్పుకున్నా, కబురు తండ్రికి అందడానికి పదిహేను రోజుల ప్రయాణం అవసరం కాగా, ఓడ వారంలోనే లంగరెత్తింది. తండ్రి పంపిన బానిసలు తీరానికి చేరేసరికి కొడుకు సముద్రం మీద ఉన్నాడు. ఇంటికీ రేవుకూ మధ్య దూరమే మనిషి బతుకును నిర్ణయించింది.

మేరీలాండ్ పొగాకు తోటలో బానిసగా ఉంటూ ఆయన తండ్రికి అరబ్బీలో రాసిన ఉత్తరం లండన్‌లో పార్లమెంటు సభ్యుడు జేమ్స్ ఓగ్లెథోర్ప్ చేతికి చిక్కడంతో, చందాలు పోగై, 1734లో ఆయన ఆఫ్రికా తిరిగి చేరాడు. చదువూ వంశమూ ఆయనను కాపాడాయి. తోటి బందీల్లో చాలామందికి అవి లేవు. అయినా చెర బాధ ఆ మనిషికి వ్యవస్థపై రోత పుట్టించలేదు: గాంబియాలో దిగిన కొద్దికాలానికే ఆయన రెండు గుర్రాలను, వాటితో పాటు ఒక బానిస స్త్రీని కొన్నాడు.