విశాఖలో తెలుగు నేర్చిన సువార్త

నవంబరు చివరికొచ్చేసరికి విశాఖ పాత పట్నం ఇళ్ల ముందు నక్షత్రాలు వెలుస్తాయి. వెదురు బద్దలు కట్టి, రంగు కాగితం అంటించి, లోపల బల్బు వేలాడదీసినవి కొన్ని. బజార్లో కొన్నవి కొన్ని. పోర్టును చూస్తూ నిలబడ్డ రాస్ హిల్ మేరీమాత గుడి దగ్గర్నుంచి ఉక్కునగరం క్వార్టర్ల దాకా ఇదే సందడి. ఆగమన కాలం పాటించే సంఘాల్లో క్రిస్మస్‌కు ముందు నాలుగు ఆదివారాలూ వారానికొక కొవ్వొత్తి చొప్పున వెలిగిస్తారు. దేవుడిచ్చిన వెలుగు మన దగ్గరే ఆగిపోయిందా, పక్కవారికి చేరిందా అని విశ్వాసి తనను తాను ప్రశ్నించుకోవలసిన రోజులివి. ఆ ప్రశ్నకు ఈ ఊళ్లోనే రెండు వందల ఏళ్ల కిందటి జవాబు ఒకటుంది.

1805లో లండన్ మిషనరీ సొసైటీ పంపిన జార్జ్ క్రాన్, అగస్టస్ డెస్‌గ్రాంజెస్ విశాఖపట్నం చేరారు. బడి పెట్టారు, తెలుగు నేర్చుకున్నారు, సువార్తలను తెలుగు చేసే పనికి పూనుకున్నారు. వ్యాకరణం పట్టుబడినంత మాత్రాన పలుకుబడి పట్టుబడదు. పరాయి వాక్యం తెలుగింటి అరుగు మీద కూర్చోవాలంటే ఆ అరుగు మీద పెరిగినవాడి చెవి కావాలి. 1808లో ఆ చెవి దొరికింది. క్రైస్తవం స్వీకరించిన బ్రాహ్మణుడు ఆనందరాయరు వారికి తోడయ్యాడు.

తర్వాత జరిగింది తలుచుకుంటే గుండె బరువెక్కుతుంది. 1809 జనవరిలో క్రాన్ చనిపోయాడు. మరుసటి ఏడు జులైలో డెస్‌గ్రాంజెస్ కూడా కన్నుమూశాడు. మత్తయి, మార్కు, లూకా సువార్తలు తెలుగులో అచ్చయింది 1812లో, బెంగాల్లోని సెరాంపూర్‌లో. వచ్చిన ఇద్దరిలో ఒక్కరైనా ఆ పుస్తకం చేత్తో పట్టుకోలేదు.

తూర్పు జ్ఞానులను నడిపించిన నక్షత్రం మత్తయిలో ఉంది. రాత్రివేళ మందను కాసుకుంటున్న గొల్లలకు అందిన శుభవార్త లూకాలో ఉంది. అంటే మనం ఏటా చెప్పుకునే క్రిస్మస్ కథ రెండు వైపులా ఆ తొలి అచ్చులోనే ఉంది. యోహాను సువార్త మాత్రం అందులో లేదు. బాప్తిస్మమిచ్చే యోహాను తానే వెలుగు కాదనీ, వెలుగును గురించి సాక్ష్యమివ్వడానికే వచ్చాడనీ చెప్పే భాగం ఆ నాలుగో సువార్తలోనిదే. అచ్చులో లేని ఆ మాటను ఈ ముగ్గురూ బతికి చూపించారనిపిస్తుంది నాకు.

పని ఆగలేదు. వారి తర్వాత మిషనరీ ఎడ్వర్డ్ ప్రిచెట్ కొత్త నిబంధన మొత్తం పూర్తిచేశాడు. అది 1818లో మద్రాసులో అచ్చయింది. రెండేళ్లకే ఆయనా పోయాడు. 1840లో వచ్చిన జాన్ హే దాదాపు అర్ధ శతాబ్దం ఇక్కడే ఉండి చదువులకూ, తెలుగు బైబిలు సవరణకూ జీవితం ధారపోశాడు. క్యాథలిక్కులు 1847లో నెలకొల్పిన సెయింట్ అలోషియస్ బడి ఈనాటికీ పాత పట్నంలో ఉంది. ఈ బడుల్లో చదువుకున్నవారిలో క్రైస్తవులు కానివారు ఎందరో. వెలుగు పంచడమంటే మతం మార్చడమొక్కటే అనుకునేవారు ఈ సంగతి గమనించాలి.

క్రాన్, డెస్‌గ్రాంజెస్‌ల పేర్లు మిషనరీ చరిత్రల్లో దొరుకుతాయి. ఆనందరాయరు పేరు ఒకటి రెండు వాక్యాల్లో వచ్చి పోతుంది. నాకు అది అన్యాయంగా తోస్తుంది. ఈసారి ఆగమన ఆదివారం లూకా రెండో అధ్యాయం తెలుగులో చదివాక, సండేస్కూలు పిల్లలకు ఆయన పేరు కూడా చెప్పండి.