దృష్టి సందేశ ప్రసారము – నాడీ రసాయనములు

కంట బడిన వెలుగు విద్యుత్సంకేతములుగా మారి, ఒక నాడీకణము నుండి మఱియొక నాడీకణమునకు సంక్రమించుటకు సాధనములైన పదార్థములను నాడీ రసాయనము లందురు. ఇందు సందేశమును క్షణములో అందించునవి కొన్ని. ఆ ప్రసారము హెచ్చవలెనో తగ్గవలెనో నిర్ణయించు నియంత్రకములు కొన్ని. నాడులు రసాయనముల మూలమున పనిచేయునని 1921లో ఆటో లోవీ కప్ప గుండెలపై చేసిన ప్రయోగము వలన స్పష్టపడగా, 1936లో ఆయనకును హెన్రీ డేల్‌కును నోబెల్ బహుమతి లభించెను.

నేత్రపటలము: ఇచటి దండకణములును శంకుకణములును చీకటిలో గ్లూటమేట్ అను రసాయనమును ఎడతెగక స్రవించుచు, వెలుగు సోకగానే ఆ స్రావమును తగ్గించును. ఈ తగ్గుదలకు ద్విధ్రువ కణములలో ఒక తెగ ఉత్తేజితము కాగా రెండవ తెగ ఉపశమించును. రసాయన మొక్కటియే యైనను దానిని స్వీకరించు గ్రాహకములు వేఱగుటయే యిందుకు కారణము. పట్టపగటి వెలుగున అధికముగా స్రవించు డోపమైన్, కణముల నడుమనున్న విద్యుత్సంబంధములను సడలించి, మసక వెలుతురునకు తగిన ఏర్పాటును పగటి చూపునకు అనుగుణముగా మార్చును. డోపమైన్ కొఱవడు పార్కిన్సన్ వ్యాధిగ్రస్తులలో వెలుగునీడల తారతమ్యమును గుర్తించు శక్తి సన్నగిల్లుట కానవచ్చును.

థాలమస్: నేత్రపటలము నుండి బయలుదేరిన తంతువులలో అధికభాగము థాలమస్ నందలి పార్శ్వ జానుకేంద్రకమును చేరును. ఆరు పొరలు గల యీ కేంద్రకమున ప్రసారక కణములకు చేరు నాడీసంధులలో నేత్రపటలమునకు చెందినవి పదింట ఒకవంతునకు మించవు. తక్కినవి మస్తిష్క వల్కలము నుండియు, మెదడు కాండము నుండియు, స్థానిక నిరోధక కణముల నుండియు వచ్చునవి. మనిషి మేల్కొనియున్నపుడు మెదడు కాండము నుండి స్రవించు అసిటైల్ కోలిన్, నార్ అడ్రినలిన్ అనునవి యీ కణములలోని పొటాసియం ద్వారములను మూయుటచే, కణ విద్యుద్విభవము పైకి జరిగి, వచ్చిన సంకేతములు వరుస తప్పక వల్కలమునకు సాగును. గాఢనిద్రలో ఆ స్రావములు తగ్గగా విభవము దిగజారి, ప్రత్యేకమైన కాల్షియం ద్వారములు సంసిద్ధములగును. అపుడు కణము సంకేతములను గుంపులు గుంపులుగా వెడలగ్రక్కునే గాని, కంటి నుండి వచ్చిన సందేశమును యథాతథముగా అందింపజాలదు. కాలువ తూము తలుపును పైకెత్తి దించు లస్కరు వలె నియంత్రకములు ఈ ప్రవాహమును శాసించును.

మస్తిష్క వల్కలము: ప్రాథమిక దృష్టి వల్కలమున ఒక్కొక్క కణము ఒక్కొక్క వాలు గల రేఖకే స్పందించునని హ్యూబెల్, వీజెల్ పిల్లుల మెదడులో కనుగొనిరి, వారికి 1981లో నోబెల్ బహుమతి లభించెను. నిరోధక రసాయనమగు గాబా పనిని బైకుకులిన్ అను మందుతో అడ్డగించినచో, పెక్కు కణములలో ఈ వివేచన సడలిపోవునని తరువాతి ప్రయోగములు తెలిపినవి. పూర్వమస్తిష్కపు అడుగు భాగము నుండి వచ్చు అసిటైల్ కోలిన్, ఒకవైపు థాలమస్ నుండి వచ్చు సంకేతములను నికోటినిక్ గ్రాహకముల ద్వారా బలపఱచుచు, వేఱొకవైపు వల్కల కణముల అంతస్సంబంధములను మస్కరినిక్ గ్రాహకముల ద్వారా మందగింపజేయును. కావున ఏకాగ్రతతో చూచునపుడు వెలుపలి దృశ్యమునకు ప్రాబల్యము కలుగును.

వివాదాంశము: మేల్కొనియున్న జంతువులలోను థాలమస్ కణములు అప్పుడప్పుడు సంకేతముల గుంపులను పంపుచుండును. ఊహింపని వస్తువు దృష్టిపథమున పొడసూపినపుడు వల్కలమును హెచ్చరించుటకే యివి యని మర్రే షెర్మన్ ప్రతిపాదించెను గాని, సహజమైన చూపులో వీని పాత్ర యెంతయను విషయమున శాస్త్రజ్ఞులకు ఏకాభిప్రాయము కుదరలేదు.