చుట్ట, అడ్డపొగ: గోదావరి లంకల నుంచి ఉత్తరాంధ్ర తీరం దాకా

పొగాకును పొగాకులోనే చుట్టి కాల్చేది చుట్ట. బీడీకి తునికాకు కావాలి, సిగరెట్టుకు కాగితం కావాలి. చుట్టకు పొగాకు తప్ప మరేదీ అక్కర్లేదు. ఆకు తెచ్చుకుని, ఈనె తీసి, కాస్త తడిపి ఎవరింట్లో వారే చుట్టుకోవచ్చు. కోస్తాంధ్ర పల్లెల్లో చుట్ట ఇంతగా పాతుకుపోవడానికి ఈ సులువు ఒక కారణం. అంతకంటే పెద్ద కారణం, దాన్ని ఇంట్లోనూ ఊళ్లోనూ ఒకరి నుంచి ఒకరు నేర్చుకోవడం.

ఈ అలవాటు చరిత్రకు రెండు కేంద్రాలు ఉన్నాయి. వాటి నడుమ దారిలో ఉన్న ఊరు పిఠాపురం. దానికి నైరుతిన ఉన్న గోదావరి లంకలు చుట్ట పొగాకుకు పేరుపడ్డ నేల. ఈశాన్యంగా తుని దాటి వెళితే విశాఖపట్నం, విజయనగరం, శ్రీకాకుళం ప్రాంతాలు వస్తాయి. వెలిగే కొసను నోట్లో పెట్టుకుని చుట్ట కాల్చే 'అడ్డపొగ' అక్కడి ఆచారం.

పొగాకు మొక్క పుట్టిల్లు అమెరికా ఖండం. పోర్చుగీసు ఓడలు దాన్ని మన తీరాలకు చేర్చాయి. 17వ శతాబ్దం మొదట్లో మొఘలు రాయబారి అసద్ బేగ్ బీజాపూరు నుంచి పొగాకును, హుక్కాను అక్బరు కొలువుకు తీసుకువెళ్లాడు. కొత్త వస్తువును వాడవద్దని ఆస్థాన వైద్యుడు వారించాడు. అక్బరు రుచి చూసి వదిలేసినా, ప్రభువర్గం మాత్రం వదల్లేదు. ఒకరిని చూసి ఒకరు అడిగి పుచ్చుకున్నారు. వర్తకులు తెప్పించి అమ్మడం మొదలుపెట్టారు. 1617లో జహంగీరు పొగతాగడాన్ని నిషేధించాడు. అప్పటికే అది వేళ్లూనుకుంది.

గోదావరి డెల్టాలో పొగాకుకు లంకలు అనువైన నేలలు. ఏటా వరద ముంచి వదిలే ఒండ్రు ఎరువుకు ఎరువు, తేమకు తేమ. వరద తీశాక నాటిన పొగాకు ఎండాకాలం మొదలయ్యేసరికి కోతకు వస్తుంది. కోసిన ఆకును ఆరబెట్టి, పోగులు వేసి మగ్గబెడతారు. ఘాటైన ఈ ఆకుతో చుట్టిన చుట్టకు మద్రాసు రాజధాని అంతటా గిరాకీ ఉండేది. ఇంగ్లీషువారి నోట 'లంక' అనే మాటే ఆ చుట్టకు పేరైపోయింది. 1886లో వెలువడిన ఆంగ్లో-ఇండియన్ పదకోశం 'హాబ్సన్-జాబ్సన్' ఈ మాటకు గోదావరి డెల్టా దీవుల్లో పండే పొగాకు చుట్ట అని అర్థం చెప్పింది. 1890 నాటి ఆర్థర్ కానన్ డాయిల్ నవలలో షెర్లాక్ హోమ్స్ బూడిదను బట్టి గుర్తుపట్టగల పొగాకుల్లో లంక చుట్ట కూడా ఒకటి. 1947లో కేంద్ర పొగాకు పరిశోధనా సంస్థను రాజమండ్రిలో నెలకొల్పారు.

ఊళ్లో చుట్ట ఒక మర్యాద. వచ్చినవారికి మంచినీళ్లతోపాటు చుట్ట ఇవ్వడం, పొలం గట్టున ఒకరి నిప్పుతో మరొకరు అంటించుకోవడం పరిచయానికి గుర్తులు. ఇల్లు కాలి ఒకడు ఏడుస్తుంటే చుట్టకు నిప్పు అడిగాడట ఇంకొకడు అనే సామెత పుట్టిందంటే, నిప్పు అడగడం ఎంత మామూలు సంగతో తెలుస్తుంది. 1892లో విజయనగరంలో మొదట ప్రదర్శించిన గురజాడ 'కన్యాశుల్కం'లో గిరీశం పొగతాగడాన్ని పురాణోక్తమన్నట్టు పద్యం చెప్పి సమర్థిస్తాడు. శిష్యుడు వెంకటేశానికి చదువు కంటే ముందు ఒంటబట్టేది గురువుగారి ఈ అలవాటే. పెద్దవాడు, తెలిసినవాడు అనుకున్న మనిషి చేసే పని ఎంత తేలిగ్గా అంటుకుంటుందో గురజాడ అక్కడ చూపించారు.

పెద్దలను చూసి నేర్చుకోవడంలోని ఈ బలాన్నే మంచికి వాడిన ఉదాహరణ పిఠాపురం సంస్థానం చరిత్రలోనే ఉంది. పిఠాపురం రాజావారి పేరిట కాకినాడలో నడిచిన కళాశాలకు రఘుపతి వెంకటరత్నం నాయుడు 1904 నుంచి 1919 దాకా ప్రిన్సిపాలు. మద్యానికీ భోగం మేళాలకూ వ్యతిరేకంగా ఆయన సాంఘిక పవిత్రతా ఉద్యమం నడిపారు. పిఠాపురం మహారాజా రావు వెంకట కుమార మహీపతి సూర్యారావు ఆయనను గురువుగా భావించి, బ్రహ్మసమాజ కార్యక్రమాలకు అండగా నిలిచారు. మేళం పెట్టించడం అప్పటిదాకా పెద్దింటి హోదా. గురువు, జమీందారు, చదువుకున్న యువకులు ఒక్క మాట మీద నిలబడేసరికి ఆ హోదాయే సిగ్గుపడే విషయంగా మారసాగింది. చుట్టకు మాత్రం అటువంటి ఎదురుగాలి చాలాకాలం తగల్లేదు. దానివల్ల వచ్చే చేటు కంటికి కనబడేది కాదు.

ఉత్తరాంధ్ర తీరంలో ఆ చేటు ముందుగా బయటపడింది. అక్కడ అడ్డపొగ ఎక్కువగా స్త్రీల అలవాటు. గాలికి చుట్ట ఆరిపోదనీ, నుసి పిల్లల మీదా పూరింటి మీదా పడదనీ, పొగ నలుగురికీ కనబడదనీ, చుట్ట ఎక్కువసేపు వస్తుందనీ దానికి కారణాలు చెబుతారు. అమ్మ దగ్గర, అమ్మమ్మ దగ్గర, అత్త దగ్గర చూసి నేర్చుకున్నదే ఎక్కువ. పొయ్యి దగ్గర చుట్ట అంటించి తెమ్మని పెద్దవాళ్లు పంపిన పిల్ల దారిలో ఒక దమ్ము లాగడంతో అలవాటు మొదలవుతుంది.

అడ్డపొగ తాగేటప్పుడు నోటి లోపలి గాలి 120 డిగ్రీల సెల్సియస్ దాకా వేడెక్కగలదని 1960లలో కొలిచారు. ఆ వేడీ పొగా నేరుగా తగిలేది అంగిలికి. మామూలుగా అరుదైన అంగిలి క్యాన్సర్ ఈ తీరంలో ఎక్కువగా కనబడటానికి మూలం ఇదే. 1945లో బొంబాయికి చెందిన వి.ఆర్. ఖానోల్కర్, సూర్యాబాయి అలవాట్లకూ క్యాన్సర్లకూ ఉన్న సంబంధం మీద రాసిన వ్యాసంలో అడ్డపొగను చేర్చారు. 1957లో గోవిందరెడ్డి, కన్నుబారావు కోస్తాంధ్రలోని అంగిలి క్యాన్సర్‌నే విషయంగా తీసుకుని రాశారు. బొంబాయి టాటా మౌలిక పరిశోధనా సంస్థకు చెందిన ఫాలి మెహతా, కోపెన్‌హాగెన్ దంతవైద్య నిపుణుడు పిండ్‌బోర్గ్, వారి సహచరులు శ్రీకాకుళం జిల్లాలో ఇంటింటికీ తిరిగి 10,169 మంది నోళ్లు పరీక్షించి, 1971లో ఫలితాలు ప్రకటించారు. ఆ పల్లెల్లో నూటికి 40 మందికి పైగా అడ్డపొగ తాగుతున్నారని తేలింది.

తరువాతి ప్రశ్న మాన్పించడం ఎలా అన్నది. 1977లో మొదలైన పెద్ద ప్రయత్నంలో కేరళలోని ఎర్నాకుళం, గుజరాత్‌లోని భావనగర్, మన శ్రీకాకుళం జిల్లాల నుంచి 36,000 మంది పొగాకు వాడేవారిని చేర్చారు. నోరు పరీక్షించిన వైద్యులే ఎదురుగా కూర్చుని మాట్లాడారు, సినిమాలు, పోస్టర్లు చూపించారు. 1986లో 'లాన్సెట్' పత్రికలో ఫలితాలు వచ్చాయి. చెప్పించుకున్నవారిలో మానేసినవారు, తగ్గించినవారు పెరిగారు. పొగాకు మానినవారి నోళ్లలో, క్యాన్సర్‌గా మారగల తెల్లమచ్చలు కొత్తగా రావడం తగ్గింది.

అలవాటు మనిషి నుంచి మనిషికి ఎలా పాకుతుందో కొలిచి చూపిన పరిశోధన 2008లో వచ్చింది. అమెరికాలోని ఫ్రామింగ్‌హామ్‌లో 12,067 మందిని 1971 నుంచి 2003 వరకు గమనించిన లెక్కలను నికొలస్ క్రిస్టాకిస్, జేమ్స్ ఫౌలర్ పరిశీలించారు. దంపతుల్లో ఒకరు పొగ మానేస్తే రెండోవారు తాగే అవకాశం 67 శాతం, స్నేహితుడు మానేస్తే 36 శాతం తగ్గింది. జనం ఒక్కొక్కరుగా కాక గుంపులుగా మానేశారు. శ్రీకాకుళం పల్లెలో అమ్మమ్మ నుంచి మనవరాలికి చుట్ట అందిన దారీ, ఫ్రామింగ్‌హామ్‌లో సిగరెట్టు వదిలిపోయిన దారీ ఒకటే.

2003లో పొగాకు ఉత్పత్తుల నియంత్రణ చట్టం వచ్చింది. 2008 అక్టోబరు 2 నుంచి బహిరంగ ప్రదేశాల్లో పొగతాగడంపై నిషేధం అమలైంది. 2009 నుంచి ప్యాకెట్లపై బొమ్మల హెచ్చరిక తప్పనిసరైంది. ఇంట్లో చుట్టుకున్న చుట్టకు ప్యాకెట్టూ లేదు, హెచ్చరికా లేదు. అక్కడ హెచ్చరించవలసింది ఇంటివాళ్లే. చుట్ట తాగే పెద్దలున్న ఇంట్లో పిల్లల చేత నిప్పు తెప్పించడం మానాలి. అంగిలి మీద గానీ బుగ్గ లోపల గానీ తెల్లమచ్చ, మానని పుండు రెండు వారాలకు మించి ఉంటే ఆలస్యం చేయకుండా వైద్యుడికి చూపించాలి. నోటి క్యాన్సర్‌ను మొదట్లోనే పట్టుకుంటే నయం చేయవచ్చు.