జీలుగు కుండలో మారిందేంటి? 1879 రంప పితూరీ చెప్పే సైన్సు పాఠం



భౌతిక మార్పు, రసాయన మార్పు అనగానే మనం మంచు కరగడం, కాగితం కాలడం అని రాసేస్తాం. మార్కులు వస్తాయి గానీ విషయం పట్టుబడదు. ఇదే పాఠం మన కొండల్లో జీలుగు చెట్టు దగ్గర ఉంది. ఆ చెట్టు కోసం ఒక పెద్ద పోరాటమే నడిచింది. రెండూ కలిపి చెప్పుకుందాం.

జీలుగు గెల కోసి కుండ కడితే కారేది తియ్యటి నీరా. అందులో ఎక్కువ భాగం నీళ్లు, మిగతాది ముఖ్యంగా చక్కెర. దాన్ని పొయ్యి మీద మరిగిస్తే నీళ్లు ఆవిరై బెల్లం మిగులుతుంది. నీళ్లు ఆవిరవడం భౌతిక మార్పు. చక్కెర చక్కెరగానే ఉంది, నీళ్లలో వేస్తే మళ్లీ కరుగుతుంది. మరీ కాగి రంగు నల్లబడితే మాత్రం అది రసాయన మార్పే.

అదే నీరాను కుండలో వదిలేస్తే నురగ పొంగుతుంది. ఈస్ట్ అనే సూక్ష్మజీవులు చక్కెరను ఆల్కహాల్‌గా, కార్బన్ డయాక్సైడ్‌గా మారుస్తాయి. ఆ నురగ ఈ వాయువు వల్లే. ఇంకా ఉంచితే ఆల్కహాల్ అసిటిక్ ఆమ్లమై పులుపెక్కుతుంది. పోయిన తీపి మళ్లీ రాదు. ఇది రసాయన మార్పు.

ఇక్కడ ఒక మాట గుర్తుపెట్టుకోవాలి. "వెనక్కి రాకపోతే రసాయన మార్పు" అని బట్టీ పట్టకండి. కుండ పగిలితే అతకదు, అయినా మట్టి మట్టే. కొత్త పదార్థం పుట్టిందా లేదా అన్నదే అసలు ప్రశ్న.

పులియడం సూక్ష్మజీవుల పని అని ఫ్రాన్సులో లూయీ పాశ్చర్ 1850ల చివర్లో ప్రయోగాలతో చూపించాడు. మన పెద్దలకు ఆ పేర్లు తెలీవు. కానీ ఏ పూట దింపితే తీపి, ఎంతసేపు ఉంచితే పులుపు, కుండకు సున్నం పూస్తే ఎందుకు మంచిదో వాళ్లకు తెలుసు.

ఇక చరిత్రకు వద్దాం. గోదావరి జిల్లా రంప కొండల్లో మన్సబుదారు కల్లు మీద చిగురుపన్ను వసూలు చేసేవాడు. ఆపైన మద్రాసు ప్రభుత్వ ఆబ్కారీ నిబంధనలు వచ్చాయి. ఇంటి వాడకానికి కల్లు గీసుకోవడం కూడా నేరమైంది, హక్కు కాంట్రాక్టర్ల చేతికి పోయింది. గీయడమే నేరమైతే, అప్పుడే దిగిన తీపి నీరాకూ పొద్దెక్కి పులిసిన కల్లుకూ తేడా ఎక్కడిది? దీనికి పోలీసుల లంచాలు, వ్యాపారుల కోర్టు డిక్రీలు తోడయ్యాయి.

1879 మార్చిలో చోడవరం దగ్గర పోలీసులపై దాడితో పితూరీ మొదలైంది. విశాఖ జిల్లా గొలుగొండ కొండలకు, భద్రాచలం వైపుకు పాకింది. దాన్ని అణచడానికి ప్రభుత్వం మద్రాసు సైన్యం నుంచి ఆరు రెజిమెంట్లను దింపింది. నాయకుల్లో చంద్రయ్య, బోదులూరు కారం తమ్మన్నదొర ఇద్దరూ 1880లో చనిపోయారు. చివరికి మన్సబుదారును కూడా తప్పించాల్సి వచ్చింది.

వాళ్లు తాగుడు కోసం కొట్లాడారని ఎవరైనా అంటే ఊరుకోకండి. ఎండాకాలం తిండి తగ్గినప్పుడు ఆకలి తీర్చిన చెట్టు కోసం, తమ చెట్టు మీద తమ హక్కు కోసం కొట్లాడారు.

పరీక్షలో ఈసారి ఉదాహరణ అడిగితే నీరా, బెల్లం, కల్లు రాయండి తమ్ముళ్లూ చెల్లెళ్లూ. అది సరైన జవాబే, మనదీ.