బాస్కెట్‌బాల్ శిక్షణ: అనుభవజ్ఞులైన కోచ్‌ల నుంచి నేర్చుకోవలసినది ఏమిటి?

బాస్కెట్‌బాల్‌ను 1891 డిసెంబరులో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో రూపొందించిన జేమ్స్ నైస్మిత్‌కు, ఈ ఆటకు ప్రత్యేకంగా శిక్షకుడు అవసరమన్న నమ్మకం ఉండేది కాదు. కోచ్ ఉద్యోగానికి వెళ్తున్న తన శిష్యుడు ఫాగ్ అలెన్‌తో, బాస్కెట్‌బాల్ ఆడుకునేదే తప్ప నేర్పించేది కాదని ఆయన అన్నట్లు ప్రసిద్ధి. అలెన్ ఆ అభిప్రాయంతో ఏకీభవించలేదు. కాన్సస్ విశ్వవిద్యాలయ జట్టుకు 39 సీజన్ల పాటు కోచ్‌గా ఉండి, శిక్షణ కూడా ఒక విద్యేనని నిరూపించారు. 1927లో అమెరికా బాస్కెట్‌బాల్ కోచ్‌ల జాతీయ సంఘం ఏర్పాటుకు చొరవ చూపినదీ ఆయనే. ఆయన వద్ద ఆడిన అడాల్ఫ్ రప్, డీన్ స్మిత్ తరువాతి కాలంలో అగ్రశ్రేణి కోచ్‌లుగా ఎదిగారు. స్మిత్ వద్ద శిక్షణ పొందిన వారిలో మైకేల్ జోర్డాన్ ఒకరు.

ఒక కోచ్ మరొక కోచ్ వద్ద నేర్చుకునే ఈ పరంపర నేటికీ కొనసాగుతోంది. అయితే పెద్దల నుంచి స్వీకరించవలసినది వారు చేయించే డ్రిల్స్ మాత్రమే కాదు. డ్రిల్స్ పుస్తకాల్లో, వీడియోల్లో సులువుగా దొరుకుతాయి. ఏది, ఎప్పుడు, ఎంతసేపు, ఎవరికి నేర్పాలన్న నిర్ణయమే అనుభవంతో వచ్చే విద్య.

వుడెన్ ప్రాక్టీస్‌లో ఏం జరిగేది?

ఈ విషయంలో ఎక్కువగా ప్రస్తావనకు వచ్చే పేరు జాన్ వుడెన్. 1964 నుంచి 1975 వరకు 12 ఏళ్లలో యూసీఎల్ఏ జట్టుకు 10 జాతీయ కళాశాల టైటిళ్లు అందించిన కోచ్ ఆయన. ఆయన చివరి సీజన్ అయిన 1974–75లో రోలండ్ థార్ప్, రొనాల్డ్ గాలిమోర్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు జట్టు ప్రాక్టీస్‌ను పరిశీలించి, వుడెన్ పలికిన ప్రతి మాటనూ, చేసిన ప్రతి సూచననూ నమోదు చేశారు.

మొత్తం 2,326 బోధనాంశాలు లెక్కకు వచ్చాయి. వాటిలో దాదాపు 75 శాతం ఏం చేయాలి, ఎలా చేయాలి అన్న సమాచారమే. పొగడ్తలు 7 శాతానికి మించలేదు. అసంతృప్తి వ్యక్తం చేసిన సందర్భాలూ ఇంచుమించు అంతే. సుదీర్ఘ ఉపన్యాసాలు లేవు. ఆటగాడు పొరపాటు చేస్తే వుడెన్ వెంటనే ఆపి సరైన పద్ధతిని చేసి చూపేవారు. ఆటగాడు చేసిన తీరును అనుకరించి చూపేవారు. మళ్లీ సరైన పద్ధతిని చూపేవారు. ఇదంతా సాధారణంగా మూడు నుంచి ఐదు సెకన్లలో ముగిసేది. ప్రాక్టీస్ ఆగేది కాదు, ఆటగాడి మనసులో మాత్రం తప్పొప్పుల తేడా స్పష్టంగా నిలిచేది.

ఆ క్లుప్తత వెనుక చాలా కసరత్తు ఉండేది. వుడెన్ ప్రతి ఉదయం సహాయ కోచ్‌లతో కూర్చొని ఆ రోజు ప్రాక్టీస్‌ను నిమిషాల వారీగా నిర్ణయించేవారు. ఆ ప్రణాళికను చిన్న కార్డులపై రాసి వెంట ఉంచుకునేవారు. గత సంవత్సరాల రికార్డులను కూడా భద్రపరిచి పోల్చి చూసుకునేవారు. సీజన్ మొదటి రోజున మేజోళ్లు ముడతలు పడకుండా ఎలా తొడుక్కోవాలో ఆటగాళ్లకు ఆయనే స్వయంగా నేర్పేవారు. ముడత వల్ల పాదానికి బొబ్బ లేస్తే, ఆటగాడు ప్రాక్టీస్‌కు దూరమవుతాడన్నది ఆయన వాదన.

గురువూ విద్యార్థే

సీజన్ ముగిశాక వుడెన్ ఏటా ఒకే ఒక అంశాన్ని అధ్యయనానికి ఎంచుకునేవారు. ఫ్రీ త్రో వంటి అంశాన్ని తీసుకుని, అందులో పేరున్న కోచ్‌లనూ ఆటగాళ్లనూ సంప్రదించి, వారి సమాధానాలను క్రోడీకరించుకునేవారు. అనుభవం తక్కువ ఉన్నవారి సూచనలనూ ఆయన కాదనలేదు. 1963–64 సీజన్‌లో యూసీఎల్ఏకు పేరు తెచ్చిన జోన్ ప్రెస్ వ్యూహాన్ని అమలు చేయాలని పట్టుబట్టినది సహాయ కోచ్ జెర్రీ నార్మన్. ప్రత్యర్థిని కోర్టు పొడవునా ఒత్తిడిలో ఉంచే ఈ వ్యూహంతో, పొడగరి ఆటగాళ్లు లేని ఆ జట్టు 30 మ్యాచ్‌లలోనూ గెలిచి వుడెన్‌కు తొలి జాతీయ టైటిల్ అందించింది.

చేతులు మారిన ట్రయాంగిల్

తరాల మధ్య వ్యూహం ఎలా ప్రయాణిస్తుందో చెప్పడానికి ట్రయాంగిల్ అఫెన్స్ మంచి ఉదాహరణ. దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో సామ్ బ్యారీ వద్ద ఆడిన టెక్స్ వింటర్, గురువు వద్ద నేర్చుకున్న పద్ధతికి మెరుగులు దిద్ది 1962లో పుస్తకంగా వెలువరించారు. 1985లో ఆయన షికాగో బుల్స్‌లో సహాయ కోచ్‌గా చేరారు. రెండేళ్ల తరువాత అక్కడికే సహాయ కోచ్‌గా వచ్చిన ఫిల్ జాక్సన్ ఆ పద్ధతిని వింటర్ వద్ద నేర్చుకున్నారు. 1989లో ప్రధాన కోచ్ అయ్యాక దానినే జట్టు ఆటకు పునాదిగా చేసుకున్నారు. బుల్స్‌తో ఆరు, లాస్ ఏంజెలెస్ లేకర్స్‌తో ఐదు ఎన్‌బీఏ టైటిళ్లు సాధించారు. ప్రధాన కోచ్ తనకంటే పెద్దవాడైన సహాయకుని వద్ద విద్యార్థిగా కూర్చోవడానికి సంకోచించకపోవడం ఇందులో గమనించదగిన అంశం.

భారత్‌లో మార్గాలు

1891 నాటి తొలి ఆటలో పాల్గొన్న నైస్మిత్ విద్యార్థి డంకన్ పాటన్ ఈ ఆటను భారత్‌కు పరిచయం చేసినట్లు చరిత్రకారులు చెబుతారు. 1920లో హ్యారీ క్రో బక్ మద్రాసులో స్థాపించిన వైఎంసీఏ వ్యాయామ విద్యా కళాశాల, దేశంలో వ్యాయామ ఉపాధ్యాయుల శిక్షణకు బాట వేసింది. 1961లో ప్రారంభమైన పటియాలాలోని జాతీయ క్రీడా సంస్థ కోచింగ్ డిప్లొమాతో పాటు ఆరు వారాల సర్టిఫికెట్ కోర్సునూ నిర్వహిస్తోంది.

విదేశీ కోచ్‌ల రాక మరో మార్గం. 2014 జూలైలో వుహాన్‌లో జరిగిన ఆసియా కప్‌లో భారత పురుషుల జట్టు 65–58తో ఆతిథ్య చైనాపై సంచలన విజయం సాధించింది. అప్పటి కోచ్ స్కాట్ ఫ్లెమింగ్‌కు ఎన్‌బీఏ అభివృద్ధి లీగ్‌లో పనిచేసిన అనుభవం ఉంది. ఒక విజయాన్ని ఒక్కరికే ఆపాదించడం సరికాదు. కానీ ఇటువంటి కోచ్ పదవీకాలం ముగిసి వెళ్లిపోయినప్పుడు ఆయన పద్ధతి ఇక్కడ నిలుస్తుందా లేదా అన్నది, పక్కన పనిచేసిన స్థానిక కోచ్‌లు ఎంత గ్రహించారు, ఎంత రాసి పెట్టుకున్నారు అన్నదానిపైనే ఆధారపడుతుంది.

అనుకరణ కాదు, అన్వయం

అగ్రశ్రేణి జట్టు పద్ధతిని పాఠశాల పిల్లలపై యథాతథంగా రుద్దితే మేలుకంటే కీడే ఎక్కువ. రింగ్ ప్రామాణిక ఎత్తు 3.05 మీటర్లు. పన్నెండేళ్ల లోపు పిల్లల మినీ బాస్కెట్‌బాల్‌లో దీనిని 2.60 మీటర్లకు తగ్గించి, చిన్నదైన 5వ సైజు బంతిని వాడతారు. బలం చాలని వయసులో పెద్ద బంతితో ఎత్తైన రింగ్‌కు గురిపెడితే, పిల్లలు భుజం బలంతో బంతిని విసరడానికి అలవాటు పడతారు. ఆ అలవాటును తరువాత మాన్పించడం కష్టం. నియమాలు మారినప్పుడు పాత పాఠాన్నీ సవరించుకోవాలి. 2010లో అంతర్జాతీయ సమాఖ్య మూడు పాయింట్ల గీతను 6.25 నుంచి 6.75 మీటర్లకు జరిపినప్పుడు, డిఫెన్స్ కాపాడవలసిన విస్తీర్ణమూ పెరిగింది.

సీనియర్ కోచ్ ప్రాక్టీస్‌ను చూడటానికి వెళ్లే యువ కోచ్ బంతిని మాత్రమే చూస్తే సగమే నేర్చుకుంటాడు. కోచ్ ఎప్పుడు ఆటను ఆపుతున్నాడు, ఎన్ని మాటల్లో సరిదిద్దుతున్నాడు, ఏ పొరపాటును చూసీ వదిలేస్తున్నాడు, ఒక ఆటగాడు ఎంతసేపు వరుసలో ఖాళీగా నిలబడుతున్నాడు అన్నవి రాసుకోవాలి. ఆపై ఒక్క మార్పును తన జట్టులో కొన్ని వారాలు అమలు చేసి, ఫలితాన్ని నమోదు చేసి, మళ్లీ అదే పెద్దల ముందు ఉంచాలి. ఒకే వ్యాయామ ఉపాధ్యాయుడు అన్ని ఆటలూ నేర్పవలసిన పాఠశాలలకు సైతం ఈ పద్ధతి అందుబాటులోనే ఉంటుంది. దానికి కావలసినది ఒక నోటు పుస్తకం, అడగడానికి వెనుకాడని స్వభావం.