కొవ్వాడ అడిగే ప్రశ్న

వొక దేశం అణువిద్యుత్తును వదులుకొన్నదంటే దాని పాలకులకు జ్ఞానోదయమైందని నేననుకోను. జర్మనీ చరిత్ర చూడండి.

1975లో వీల్ గ్రామంలో ద్రాక్షతోటల రైతులూ, ఫ్రైబుర్గ్ విద్యార్థులూ కలిసి రియాక్టరు కట్టదలచిన స్థలాన్ని ఆక్రమించుకొన్నారు. అక్కడ రియాక్టరు లేవనేలేదు. అటువంటి వుద్యమాలనుండే గ్రీన్ పార్టీ పుట్టింది. 1998లో సోషల్ డెమోక్రాట్లతో కలిసి అధికారానికి వచ్చింది. 2002లో అణుకేంద్రాల మూసివేతకు చట్టం తెచ్చింది. 2010 అక్టోబరులో మెర్కెల్ ప్రభుత్వం ఆ గడువు పొడిగించింది. 2011 మార్చిలో ఫుకుషిమా ప్రమాదం జరిగింది. ఆ నెలలోనే బాడెన్-వుర్టెంబర్గ్ రాష్ట్రం మెర్కెల్ పార్టీ చేజారింది. జూన్‌లో అదే పార్లమెంటు తిరిగి మూసివేతకు వోటు వేసింది. ఫుకుషిమాను ఫ్రాన్సు కూడా చూసింది, కాని వదులుకోలేదు. జర్మనీలో ముప్పయ్యైదేళ్ల ప్రజావుద్యమం సిద్ధంగా వున్నది. అదీ తేడా. చివరి మూడు రియాక్టర్లు 2023 ఏప్రిల్ 15న ఆగిపోయాయి.

యిక మన శ్రీకాకుళం జిల్లా, రణస్థలం మండలం కొవ్వాడ. గుజరాత్‌లోని మీఠీవిర్డీలో రైతులు ప్రతిఘటించారు. అక్కడ కట్టదలచిన ఆరు వెస్టింగ్‌హౌస్ రియాక్టర్ల పథకం 2016లో కొవ్వాడకు మారింది. మరుసటి యేడే ఆ కంపెనీ దివాలా పిటిషను వేసింది. పథకం మాత్రం రద్దు కాలేదు. మన మత్స్యకారులు కూలికై గుజరాత్‌లోని వేరావల్‌కు వలసపోతారు. గుజరాత్ రైతులు వద్దన్నది మన తీరానికి వలస వచ్చింది!

యీ జిల్లా ప్రజలు పిరికివారు కారు. 2010 జూలై 14న సోంపేటలో, 2011 ఫిబ్రవరి 28న కాకరాపల్లిలో బొగ్గు విద్యుత్కేంద్రాలకు ఎదురునిలిచి పోలీసు తూటాలకు ప్రాణాలిచ్చారు. కొవ్వాడలో వచ్చిన చిక్కు వేరు. భూమికి పట్టా వుంటుంది, దానికి పరిహారం కట్టవచ్చు. సముద్రానికి పట్టా యెవరిస్తారు? వలే ఆస్తిగా బతికేవాడు ఆ లెక్కలో యెక్కడ?

మన తప్పు కూడ చెప్పుకోవాలి. 2008లో అమెరికా అణువొప్పందాన్ని కాదని కేంద్రానికి మద్దతు వుపసంహరించిన వామపక్షమే, బెంగాల్‌లో హరిపూర్ వద్ద రష్యన్ రియాక్టర్లను సమర్థించింది. రియాక్టరు యే దేశానిదన్నది రెండో ప్రశ్న; ప్రమాదం యెవరి నెత్తిన పడుతుందన్నది మొదటి ప్రశ్న. సరఫరాదారును బాధ్యుణ్ణి చేసిన 2010 చట్టాన్ని తొలగిస్తూ 2025 డిసెంబరులో పార్లమెంటు కొత్త చట్టం చేసింది. యిప్పుడా ప్రశ్నకు పదును పెరిగింది.

వీల్‌లో రైతు పక్కన విద్యార్థి నిలిచాడు. కొవ్వాడలో వలవాని పక్కన మనమెవరం నిలిచాం?