చవదార్ చెరువు దావా: పర్యావరణ చట్టం పాఠంలో లేని మొదటి అధ్యాయం

లా కాలేజీల్లో పర్యావరణ చట్టం పాఠం ఎక్కడ మొదలవుతుంది? 1972 స్టాక్‌హోమ్ సదస్సు దగ్గర. ఆ తర్వాత 1974 నీటి చట్టం, 1984 భోపాల్, 1986 పర్యావరణ పరిరక్షణ చట్టం, గంగానది మీద ఎం.సి. మెహతా వేసిన కేసులు. విద్యార్థి ఇవన్నీ వరసగా బట్టీపట్టి పరీక్ష రాస్తాడు. పాసవుతాడు. వాడలో బోరింగు ఎందుకు ఎండిపోయిందో, ఊళ్ళో ట్యాంకు ఎందుకు నిండుగా ఉందో మాత్రం ఆ పాఠం చెప్పదు.

ఈ వరసలో రెండు చెరువులు లేవు. ఒకటి మహారాష్ట్రలో మహద్ పట్టణంలోని చవదార్ చెరువు. రెండోది మన కారంచేడు మాదిగపల్లె మంచినీళ్ళ చెరువు. మొదటి చెరువు మీద తొమ్మిదేళ్ళకు పైగా సివిల్ దావా నడిచింది. ఆ దావాలో ప్రతివాది డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్. హైకోర్టు తీర్పు వచ్చేనాటికి ఆయన బొంబాయి ప్రభుత్వ లా కాలేజీ ప్రిన్సిపాల్. న్యాయశాస్త్రం బోధించే మనిషి మీదనే చెరువు నీళ్ళు తాగకూడదని దావా వేశారన్నమాట. నీళ్ళ మీద ఎవరికి హక్కు, ఏది కాలుష్యం అనే ప్రశ్నలు ఈ దేశపు కోర్టు ముందుకు ఇంత సూటిగా వచ్చిన సందర్భాలు అరుదు. అయినా మన పర్యావరణ న్యాయ పండితులు దాన్ని తమ చరిత్రలో లెక్క వేసుకోలేదు. ఎందుకు లెక్క వేసుకోలేదన్నదే మనం అడగాల్సిన ప్రశ్న.

ముందు సంగతులు చూద్దాం. 1923 ఆగస్టులో బొంబాయి శాసనమండలిలో ఎస్.కె. బోలే ఒక తీర్మానం పెట్టి నెగ్గించాడు. ప్రభుత్వ సొమ్ముతో కట్టిన, నడుస్తున్న బావులు, చెరువులు, ధర్మశాలలు అంటరానివాళ్ళు కూడా వాడుకోవచ్చు అని. మహద్ మున్సిపాలిటీ 1924 జనవరిలో తన చెరువు విషయంలో అట్లాగే తీర్మానం చేసింది. కాగితం మీద హక్కు వచ్చింది. చెరువు గట్టు మీదికి మాత్రం ఎవరూ పోలేకపోయారు. 1927 మార్చి 20న అంబేడ్కర్ వెంట వేలమంది నడిచిపోయి ఆ నీళ్ళు తాగారు. గుడిలో కూడా చొరబడతారట అని పుకారు లేపి సవర్ణులు సభకొచ్చిన జనాన్ని కొట్టారు. ఆ తర్వాత చెరువు మైలపడిందని, 108 కుండల్లో ఆవు పేడ, మూత్రం, పాలు, పెరుగు తెచ్చి మంత్రాలు చదువుతూ నీళ్ళలో పోశారు. అప్పుడు చెరువు శుద్ధి అయిందట!

ఇక్కడ కొంచెం ఆగాల. ఇంగ్లీషులో పొల్యూషన్ అనే ఒక్క మాటే రెండిటికీ వాడతారు. మన భాషలో మైల వేరు, కాలుష్యం వేరు. మనిషి చెయ్యి తగిలితే మైల. పేడ కలిస్తే కాలుష్యం. మహద్‌లో మైల పోగొట్టడానికి కాలుష్యం చేశారు. తాగే నీళ్ళలో పేడ పోసినవాళ్ళ మీద ఏ కేసూ లేదు. దోసెడు నీళ్ళు తాగినవాళ్ళ మీద దావా పడింది.

1927 ఆగస్టులో మున్సిపాలిటీ తన పాత తీర్మానాన్ని రద్దు చేసుకుంది. డిసెంబరులో మళ్ళీ సత్యాగ్రహం చేద్దామని దళితులు సిద్ధమవుతుంటే, సవర్ణులు 12వ తేదీన కోర్టుకెక్కారు. 14న తాత్కాలిక ఇంజంక్షన్ వచ్చింది. 25న సభలో మనుస్మృతిని తగలబెట్టారు. చెరువులోకి మాత్రం దిగలేదు. వేలమంది జైలుకు పోవటానికైనా సిద్ధంగా ఉంటే అంబేడ్కరే వాళ్ళను ఆపాడు. మన పోరు సవర్ణులతో, ప్రభుత్వంతో కూడా తగువు తెచ్చుకోవద్దు, కోర్టులో తేల్చుకుందాం అన్నది ఆయన లెక్క. ఆ నిర్ణయం తేలికైంది కాదు. చట్టాన్ని నమ్ముకున్నందుకు ఎన్నేళ్ళు కాచుకోవాల్సి వచ్చిందో చూస్తే ఇవాళ కోర్టుల చుట్టూ తిరిగే మన కార్యకర్తలకు సంగతి అర్థమవుతుంది.

ఈ కాలంలో ఆయన బతుకు ఎట్లా ఉంది? అంతకుముందే 1918లో సిడెన్‌హామ్ కాలేజీలో అర్థశాస్త్రం ప్రొఫెసరుగా చేరినప్పుడు, అధ్యాపకుల గదిలో అందరూ తాగే కూజాలో ఆయన నీళ్ళు తాగటానికి తోటి అధ్యాపకులు కొందరు అభ్యంతరం చెప్పారు. విదేశాల్లో చదివొచ్చిన పండితుడికి కూజా దగ్గర జరిగిందీ, మహద్ కూలివాడికి చెరువు దగ్గర జరిగిందీ ఒకటే. 1928లో ప్రభుత్వ లా కాలేజీలో కొంతకాలం పాఠం చెప్పాడు. 1935 జూన్‌లో అదే కాలేజీకి ప్రిన్సిపాల్ అయ్యాడు. అప్పటికి భార్య రమాబాయి పోయి వారం కూడా కాలేదు. అదే ఏడు అక్టోబరులో హిందువుగా చావనని యేవలాలో ప్రకటించాడు. పగలు న్యాయశాస్త్ర పాఠం, పక్కన వకీలు పని, ఉద్యమం, దానితోపాటు తన మీదే నడుస్తున్న నీళ్ళ దావా. న్యాయ పండితుల జీవితాలు రాసేవాళ్ళు వాళ్ళు రాసిన గ్రంథాల పట్టికలిస్తారు. ఇట్లాంటి పట్టిక ఎవరి జీవితంలో ఉంది?

కింది కోర్టుల్లో ఓడిపోయి సవర్ణులు హైకోర్టుకు పోయారు. 1937 మార్చి 17న జస్టిస్ బ్రూంఫీల్డ్, జస్టిస్ వాడియా తీర్పు చెప్పారు. నీళ్ళు తాగిన రోజుకు పదేళ్ళు నిండటానికి మూడు రోజులు తక్కువ. అప్పటికి సవర్ణుల వాదన చాలా చిక్కిపోయింది. నాలుగైదు ఎకరాల ఆ చెరువు తమ సొంతం అన్నారు మొదట. హైకోర్టులో అది మున్సిపాలిటీదేనని ఒప్పుకున్నారు. మేం మాత్రమే వాడాలి అన్నారు. ముస్లింలూ వాడుతున్నారని ఒప్పుకున్నారు. ఇక మిగిలింది ఒక్కటే: ఎవరైనా వాడుకోవచ్చు, అంటరానివాళ్ళు తప్ప. దానికి ఆధారం ఆచారం.

ఆచారం చట్టంగా నిలవాలంటే అది అనాదిగా ఉన్నట్టు రుజువు కావాలి. సహేతుకంగా ఉండాలి. ప్రజాహితానికి విరుద్ధం కాకూడదు. హైకోర్టు మొదటి మెట్టు దగ్గరే తేల్చేసింది. అనాది ఆచారం రుజువు కాలేదంది, అప్పీలు కొట్టేసింది. రుజువై ఉంటే ఆ ఆచారం సహేతుకమేనా, ప్రజాహితానికి విరుద్ధమా అని చూడాల్సి వచ్చేదేమో అని మాత్రం అంది. దళితులు గెలిచారు. కానీ ఏమని గెలిచారు? వెలివేయటం అన్యాయం అని కోర్టు అనలేదు. వెలివేత ఎంత పాతదో మీరు చూపలేకపోయారు అని సవర్ణులతో అంది. ఒకవేళ పాత దస్తావేజు ఏదన్నా దొరికి ఉంటే?

కోర్టు తప్పించుకున్న ఆ ప్రశ్నకు జవాబు రాజ్యాంగంలో వచ్చింది. 15వ అధికరణం రెండో క్లాజు చూడండి. ప్రభుత్వ సొమ్ముతో నడిచే బావులు, చెరువులు, స్నానఘట్టాలు, రోడ్ల వాడకంలో కులం పేరుతో ఎవరినీ అడ్డుకోకూడదని రాసి ఉంది. బోలే తీర్మానం, మహద్ చెరువు ఆ వాక్యంలో కనపడుతున్నాయి. మన రాజ్యాంగంలో నీళ్ళ హక్కు గురించిన సూటి మాట ఇదే. అయినా పర్యావరణ చట్టం మేష్టర్లు 21వ అధికరణం దగ్గర మొదలుపెట్టి, 48-ఎ, 51-ఎ చెప్పి ఊరుకుంటారు. 15 సంగతి వాళ్ళకు వేరే పేపరు.

ఆ వేరే పేపరు వల్ల ఏం జరుగుతుందో కారంచేడు చెప్తుంది. 1985 జులై 16న మాదిగపల్లె మంచినీళ్ళ చెరువులో కమ్మ యువకులు గేదెల మురికి కలుపుతుంటే, అదేంటని అడిగినందుకు గొడవ. కొట్టబోతే మున్నంగి సువార్త బిందె ఎత్తి అడ్డం నిలిచింది. తెల్లారి 17న ఊరు ఊరంతా వాడ మీద పడింది. ఆరుగురు మాదిగలను చంపారు. ఆడవాళ్ళ మీద అత్యాచారాలు చేశారు. ఆ ఘటనను మనం కుల హత్యాకాండగా, ఆత్మగౌరవ పోరాటంగా చెప్పుకున్నాం. అది నిజమే. దాంతోపాటు అది మంచినీళ్ళు పాడుచేయొద్దన్న గొడవ కూడా గదా! నీటి కాలుష్యాన్ని ఆపే చట్టం వచ్చి అప్పటికి పదకొండేళ్ళు. చెరువును కాపాడబోయిన సువార్తను పర్యావరణ కార్యకర్త అని ఒక్క పుస్తకమైనా రాసిందా? 1989 అత్యాచారాల నిరోధక చట్టంలో దళితులు వాడుకునే నీటి వనరును పాడుచేయటం నేరం అని ఒక క్లాజు పెట్టారు. దాన్ని కూడా పర్యావరణ చట్టంగా ఎవరూ చదవరు.

ఇప్పుడు వాతావరణ న్యాయం అనే మాట వచ్చింది. 2024 మార్చిలో సుప్రీంకోర్టు రంజిత్‌సింహ్ కేసులో, వాతావరణ మార్పు కీడు నుంచి రక్షణ పొందటం 14, 21 అధికరణాల కింద హక్కు అని చెప్పింది. కరెంటు తీగల వల్ల చచ్చిపోతున్న బట్టమేక పిట్టల కేసులో ఆ మాట వచ్చింది. మంచిదే. 14 అంటే సమానత్వం కాబట్టి మనకు అందులో ఒక పట్టు దొరికింది. కానీ మహద్ అనుభవం ఒకటి గుర్తుచేస్తుంది. 1924లో కూడా హక్కు కాగితం మీద ఉంది. ఎండలు ముదిరి నీళ్ళు అడుగంటిన కొద్దీ, ట్యాంకరు ముందు ఎక్కడ ఆగుతుంది, బిందెల వరసలో ఎవరు చివర అన్నది కులమే తేలుస్తుంది. కరువు అందరికీ ఒకటే అనేవాళ్ళు వాడకొచ్చి నీళ్ళు పట్టుకోవాల.

అందుకని లా కాలేజీ మేష్టర్లకు చెప్పేదొకటే. పాఠం స్టాక్‌హోమ్‌తో మొదలుపెట్టొద్దు, చవదార్ తీర్పు చదివించండి. 15, 17 అధికరణాలు, 1989 చట్టం, 1974 చట్టం ఒకే పేపర్లో చెప్పండి. వేసవిలో పిల్లల్ని ఊళ్ళకు తీసుకపోయి ఊరి కుళాయి, వాడ కుళాయి ఎన్ని గంటలు వస్తున్నాయో రాయించండి. ఆ రాత కోర్టులో సాక్ష్యంగా పనికొస్తుంది. మహద్‌లో రుజువు చేయలేక ఓడింది సవర్ణులు. రేపటి కేసుల్లో రుజువు చేయాల్సింది మనం.